యాభై ఆరు సెంటీమీటర్ల నాడి

పెళ్ళయి నలభై మూడు రోజులైంది. ఇంకా రోజులే లెక్కపెడుతున్నావా అని మా ఆయన నవ్వుతారు. విసుగు పుట్టిన రోజు వారాల్లోకి మారతానని మాటిచ్చాను. ఆ నలభై మూడో రోజు పొద్దున మ్యూజియం తాళం తీసేసరికి తలుపు సందులోంచి ఎవరో తోసిన కవరు కాలికి తగిలింది. లోపల నాలుగే నాలుగు వాక్యాలు. వచ్చే శనివారం పదకొండింటికి కమిటీ వస్తుంది. రెండో గది వల్ల ఉపయోగమేమిటో చూపించాలి. చూపించలేకపోతే ఆ గదిని పాత జవాబు పత్రాలు దాచడానికి తీసుకుంటారు. సహకరించగలరు.

జవాబు పత్రాలు! నా గదిలో!

మాది మెడికల్ కాలేజీ కింది అంతస్తులో రెండు గదుల మ్యూజియం. మొదటి గదిలో సరుకంతా అద్దాల వెనక ఉంటుంది: సీసాల్లో మూత్రపిండాలు, తుప్పు పట్టిన శస్త్రచికిత్స రంపాలు, చిటికెనవేలి ఎముక పోగొట్టుకున్న అస్థిపంజరం. రెండో గది నాది. అక్కడ దేన్నయినా ముట్టుకోవచ్చు. తలుపంత ఎత్తున్న ఎర్రరంగు చెక్క చెవి ఒకటుంది, కర్ణభేరి ఊడదీస్తే లోపల సుత్తి, కమ్మరి దాగలి, గుర్రం జీనుకు వేలాడే అంకవన్నె ఆకారాల్లో మూడు ఎముకలు చేతికి వస్తాయి. ప్లాస్టరు చేయి ఒకటుంది, మోచేతి దగ్గర ఎర్ర తాడు లాగితే చూపుడువేలు ముడుచుకుంటుంది. అది మొదటిసారి లాగిన ప్రతి మనిషీ, ఎంత పెద్దవాడైనా, వెంటనే తన మోచేయి తడిమి చూసుకుంటాడు. ఆ తడుముకోవడం చూడడానికే నేను ఉద్యోగానికి వెళతానంటే అబద్ధం కాదు. నేను చదివింది చరిత్ర. రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. కానీ చెక్క చెవితో నాకు ఏ పేచీ లేదు.

మధ్యాహ్నం ఉత్తరం పట్టుకుని రోడ్డు దాటాను. కాలేజీ గేటుకు ఎదురుగానే మా ఆయన వాచీలు బాగుచేసే షాపు. ఇద్దరు నిలబడితే భుజాలు తగలక తప్పనంత ఇరుకు. అందుకే ఆ షాపంటే నాకు ఇష్టం. కంటికి బిగించుకున్న భూతద్దంతోనే తలెత్తి నన్ను చూశారు.

"ఏం మ్యూజియం, ఇవాళ కొండంత కనిపిస్తున్నావు?"

"ముందు ఆ అద్దం తియ్యండి. కొండ కూలిపోయేట్టుంది."

ఉత్తరం రెండుసార్లు చదివారు. "ఏం చూపిస్తావు మరి? చెవి వాళ్ళు చూసేశారు, చేయి చూసేశారు."

"వాళ్ళు చూసినవి పనికిరావు. కొత్తది కావాలి. అది మీరే చెయ్యాలి," అన్నాను. అప్పటికే రోడ్డు దాటుతూ మనసులో సగం కట్టేశాను.

నాలుగు వందల ఏళ్ళ కిందట వైద్యులకు నాడి పట్టడం వచ్చు గానీ, దాని వేగాన్ని కొలవడానికి సాధనం లేదని చెప్పాను. అప్పటి గడియారాలకు సెకన్ల ముల్లు లేదు, చాలావాటికి నిమిషాల ముల్లు కూడా లేదు అనేసరికి, ఎవరి పిల్లలకో జబ్బు చేసిందని విన్నట్టు "అయ్యో" అన్నారు మా ఆయన. కొలత లేక వైద్యులు నాడికి నడకలు అంటగట్టారు. ఒక దేశంలో చీమ నడక, జింక గంతు అన్నారు. ఇంకో దేశంలో పాము, కప్ప, హంస అన్నారు. అప్పుడొక వైద్యుడు దారానికి గుండు కట్టి ఊపాడు. రోగి నాడి కొట్టుకున్నప్పుడల్లా గుండు ఏదో ఒక కొసకు చేరేదాకా దారాన్ని పెంచుతూ తగ్గిస్తూ పోయాడు. రెండూ కలిసిన చోట ఆపి దారం పొడవు చూశాడు. జ్వరం వచ్చినవాడి దారం పొట్టి. నిదానస్తుడి దారం పొడుగు.

"అంటే నాడిని గజంబద్ద పెట్టి కొలిచాడన్నమాట!"

"అన్నమాటే."

"గుండు ఇత్తడిది. దారం పట్టుది, సాగకూడదు. మీటరుకు ఒక్క సెంటీమీటరు తక్కువ దారం కడితే ఒక ఊపుకు సరిగ్గా ఒక సెకను," అంటూ ఆయన అప్పుడే కాగితం మీద గీతలు మొదలుపెట్టారు. ఆ కొలత ఆయనకు సొంత ఫోను నంబరులా నోటికొచ్చు. నా ఫోను నంబరు మాత్రం ఇప్పటికీ చూసే చెబుతారు.

మూడో రోజుకల్లా ఇంట్లో లోలకం తయారైంది. భుజమెత్తు చెక్క స్తంభం, పైన అడ్డకర్ర, దానికి వయొలిన్ మరలాంటి చిన్న మర. మర తిప్పితే దారం పైకి చుట్టుకుంటుంది, వెనక్కి తిప్పితే దిగుతుంది. పక్కనే కొలబద్ద. గుండును మా ఆయన ఎంత మెరిపించారంటే, అది ఊగుతుంటే నా మొహం పొట్టిగా పొడుగ్గా మారుతూ కనిపించింది. అరగంట అదే చూశాను.

దీనికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు నాడి పట్టుకుని ప్రతి దెబ్బకూ "ఊఁ" అనాలి, ఇంకొకరు మర తిప్పాలి. టిక్‌టిక్‌లు వినడమే వృత్తి కాబట్టి నాడి ఆయన పట్టుకున్నారు, మర నేను తిప్పాను. మొట్టమొదట నా నాడి. ఆయన బొటనవేలు నా మణికట్టు మీద ఆనించి కళ్ళు మూసుకున్నారు. ఊఁ, ఊఁ, ఊఁ. ఎడమచేత్తో మర తిప్పుతూ తిప్పుతూ నలభై రెండు సెంటీమీటర్ల దగ్గర ఆగాను.

"అబ్బో, నీది పరుగో పరుగు," అన్నారు.

"ఉండదా మరి!" అన్నాను సిగ్గుపడకుండా.

తరవాత మా అత్తయ్యను కూర్చోబెట్టాం. అత్తయ్య ముప్పై నాలుగేళ్ళు ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా చేసి రిటైరయ్యారు. కొడుకు తన మణికట్టు పట్టుకున్నంతసేపూ ఆ చేతినే చూశారు. తరవాత లోలకాన్ని చూశారు. ఆ తరవాత నన్ను చూశారు. నేను "యాభై ఆరు!" అని కేక పెట్టగానే "బాగుందమ్మా" అని పేపరు తెరుచుకున్నారు.

ఆ పొడి మాట వెనక ఏదో ఉందని నాకు తట్టి ఉండాల్సింది. కానీ మా అత్తయ్యకొక ఒట్టుంది. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజే ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పారు: "చూడమ్మాయ్, నేను నీళ్ళు తాగుతుంటే గ్లాసు ఎలా పట్టుకోవాలో కూడా మా అత్తగారు చెప్పేది. నేను అట్లా కాను. ఆరు నెలలు నువ్వు అడిగితేనే నోరు తెరుస్తా." ఇంత మంచి ఒట్టు పెట్టుకున్న అత్తగారు ఎవరికి దొరుకుతారని నేను మురిసిపోయాను. ఆ ఒట్టు ఏనాటికైనా నాకే అడ్డొస్తుందని ఎవరనుకుంటారు?

మర్నాడు పై వాటా టీచరుగారిని కొలిచాం. యాభై ఆరు. లోలకాన్ని మ్యూజియానికి తీసుకెళ్ళి అక్కడి వాచ్‌మన్ బాబాయిని కొలిచాం. యాభై ఆరు. టీ తెచ్చిన ఆవిడ, కరెంటు బిల్లు తీయడానికి వచ్చినాయన, అందరూ యాభై ఆరే. నాకు ఆనందం పట్టలేదు. ఒక అట్టముక్క మీద నీలం రంగుతో అందంగా రాశాను: ఆరోగ్యవంతుల నాడి, యాభై ఆరు సెంటీమీటర్లు. చుట్టూ ఆకులు కూడా గీశాను.

"అందరికీ ఒకటే రావడం చూశావా? అదీ పనితనమంటే!" అన్నారు మా ఆయన, కాలరు సర్దుకుని.

"మరి నాకెందుకు నలభై రెండు?"

"నువ్వు ప్రత్యేకం," అన్నారు. ఆ ఒక్క మాటతో నా బుర్ర పనిచేయడం మానేసింది.

మళ్ళీ పనిచేయడం మొదలైంది గురువారం నాడు, కమిటీకి రెండు రోజుల ముందు. మా ఆయన మధ్యాహ్నం భోజనం క్యారియరు ఇవ్వడానికి వచ్చారు. వాచ్‌మన్ బాబాయి గుమ్మం పక్క కుర్చీలో తల వాల్చి కునుకు తీస్తున్నాడు. సరదాకి నిద్రలోనే కొలిచాం. యాభై ఆరు. ఇంతలో పైనుంచి ఎవరో కేకేస్తే ఉలిక్కిపడి లేచి, నాలుగు అంతస్తులూ ఎక్కి, తాళాలగుత్తి ఇచ్చి, వగరుస్తూ దిగి వచ్చాడు. చొక్కా తడిసి ముద్దయింది.

"బాబాయ్, ఒక్కసారి చెయ్యి."

"చెయ్యే కావాలా తల్లీ, ఊపిరి వద్దా?" అంటూ చాచాడు.

ఊఁ, ఊఁ, ఊఁ. యాభై ఆరు.

నేను మర వదిలేశాను. "ఏమండీ, ఇది తప్పు."

"ఏది తప్పు?"

"బాబాయి గుండె చొక్కా బయటికి కనిపిస్తోంది. నిద్రపోయినప్పుడూ యాభై ఆరే, మెట్లెక్కినప్పుడూ యాభై ఆరేనా?"

మా ఆయన మొహం ఎర్రబడింది. చేతి వాచీ విప్పి బల్ల మీద పెట్టి, దారాన్ని తొంభై తొమ్మిదికి దింపి ఊపారు. నిమిషానికి అరవై ఊపులు. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. "లోలకంలో తప్పు లేదు. కావాలంటే మీ మనుషుల్ని బాగుచేయించుకో," అన్నారు.

"మా మనుషులా? బాబాయి ఎప్పటినుంచి మా మనిషి?"

"నన్ను మధ్యలోకి లాగొద్దు," అన్నాడు బాబాయి, ఇంకా వగరుస్తూనే.

అదే మా మొదటి పోట్లాట. ఎట్లా పోట్లాడాలో ఇద్దరికీ తెలియక, ఆయన క్యారియరు మూత సరిగ్గా పెట్టి మరీ కోపంగా వెళ్ళిపోయారు. నేను నీలం అట్టముక్కను బల్ల సొరుగులో బోర్లా పెట్టాను. శనివారం కమిటీ ముందు అందరికీ ఒకే అంకె వస్తే, సోమవారానికి నా గదిలో జవాబు పత్రాల కట్టలుంటాయి. చెక్క చెవి ఏ మెట్ల కిందికో పోతుంది. తప్పు ఎక్కడుందో తెలిస్తే సరిచేయగలను, ఆ ధైర్యం నాకుంది. తెలియడమే కావాలి.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్య వరండాలో బఠాణీలు ఒలుస్తున్నారు. మా ఆయన అవతలి కొసన కూర్చుని ఒక గింజా నోట్లోకి, ఒక గింజా గిన్నెలోకి వేస్తున్నారు. నేను చెప్పులు కూడా విప్పకుండా ఎదురుగా నిలబడ్డాను.

"అత్తయ్యా, అడుగుతున్నాను."

ఆమె చేతులు ఆగిపోయాయి. "నిజంగా అడుగుతున్నావా?"

"నిజంగానే. అందరికీ యాభై ఆరు ఎందుకొస్తోంది?"

"హమ్మయ్య!" అన్నారు అత్తయ్య, బస్సులో సీటు దొరికినట్టు. బఠాణీలు పక్కకు నెట్టి కొడుకు వైపు తిరిగారు. "ఒరేయ్, ఇటు రా. నీ చెల్లెలికి జ్వరమొస్తే నాడి ఎట్లా చూడాలో నీకు చెప్పానా లేదా?"

"చెప్పావు. పదేళ్ళప్పుడు."

"ఏ వేలితో చూడమన్నాను?"

మా ఆయన తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నారు. అత్తయ్య ఆ బొటనవేలిని పట్టుకుని పైకెత్తారు, దొంగను పట్టినట్టు.

"ఈ దొంగవేలికి సొంత నాళం ఉంది. మణికట్టు దగ్గర్నుంచి ఇందులోకి మంచి లావుపాటి రక్తనాళం వస్తుంది. దీన్ని పక్కవాళ్ళ చేతి మీద పెడితే ఇది పక్కవాళ్ళ మాట వినదు, తన పాటే తను పాడుకుంటుంది. చూపుడువేలు, నడిమివేలు పెట్టాలి. నువ్వు ఊరందరి చేతులూ పట్టుకుని నీ నాడి నువ్వు కొలుచుకున్నావు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారట, అట్లా ఉంది మీ ఇద్దరి శాస్త్రం!"

నేను మెట్టు మీద కూలబడ్డాను. టీచరుగారిదీ, బాబాయిదీ, కరెంటు బిల్లాయనదీ, అన్నీ మా ఆయన గుండేనా? నేను చుట్టూ ఆకులు గీసింది ఆయన నాడికా?

"మీకు ఎప్పటినుంచి తెలుసు?"

"నా చెయ్యి పట్టుకున్న క్షణం నుంచి."

"మరి చెప్పలేదేం!"

"అడిగావా? అడక్కుండా చెబితే అత్త అంటారు, అడిగాక చెబితే అమ్మ అంటారు. నేను రెండోదానికి కూర్చున్నాను," అని మళ్ళీ బఠాణీల గిన్నె లాక్కున్నారు. అంతలో ఏదో తోచి తలెత్తారు. "అవునూ, వాడికి ఎప్పుడూ యాభై ఆరేనా? నీ చెయ్యి పట్టుకున్నప్పుడు ఎంతొచ్చింది?"

"నలభై రెండు," అన్నాను. అంటూనే నాకు అర్థమైంది.

అత్తయ్యకూ అర్థమైంది. కళ్ళజోడు జారి బఠాణీల్లో పడేదాకా నవ్వారు. మా ఆయన చెవులు మా మ్యూజియం చెవికన్నా ఎర్రగా అయ్యాయి. "మొక్కలకు నీళ్ళు పోసొస్తా," అని లేచారు. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే మొక్క. దానికి ఆయన పావుగంట నీళ్ళు పోశారు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. మధ్యాహ్నపు పోట్లాట ఎవరి తప్పో తేల్చుకోవడం ఇద్దరికీ గుర్తు రాలేదు.

తరవాత మ్యూజియం నుంచి లోలకాన్ని ఇంటికి తెచ్చుకున్నాం. అత్తయ్య రెండు వేళ్ళు నా మణికట్టు మీద పెట్టారు. బొటనవేలి మొదలు కిందుగా, ఎముక అంచుకు లోపలగా, తడుముకోకుండా సరిగ్గా అక్కడే. నా నాడి అరవై ఒకటి. అత్తయ్యది డెబ్బై దాకా పోయింది. మర్నాడు బాబాయిని కునుకులో కొలిస్తే ఎనభై ఏడు, మెట్లెక్కించి కొలిస్తే నలభై. రెండోసారి మెట్లెక్కమన్నందుకు అతను నాతో సాయంత్రం దాకా మాట్లాడలేదు.

ఇక శనివారం నిశ్చింతగా కొలిచి చూపించొచ్చు. కానీ శుక్రవారమంతా ఇంకో ఆలోచన నా బుర్రలో దూరి కూర్చుంది. రాత్రి భోజనాల దగ్గర చెప్పేశాను. "రేపు నాడి నేను చూడను. కమిటీవాళ్ళనే చూడమంటాను. ఏ వేలితో చూడాలో చెప్పను."

మా ఆయన ముద్ద మింగలేదు. "పరీక్షకు వెళ్ళి కావాలని తప్పు రాస్తావా?"

"మన తప్పు ఎంత బాగుందండీ! అద్దాల వెనక పెట్టి, కింద చీటీ అతికిస్తే ఈ తప్పు ఎవరికైనా దొరుకుతుందా? చేత్తో చేస్తేనే దొరికింది. నా గది ఎందుకు కావాలో దీనికన్నా బాగా నేను చెప్పలేను."

"వాళ్ళకు కోపమొస్తే?"

అత్తయ్య వైపు తిరిగాను. "అడుగుతున్నాను అత్తయ్యా."

ఆమె ఆలోచించి అన్నారు. "వార్డులో కొత్తగా చేరిన పిల్లలకు నోటితో వందసార్లు చెప్పాను. గుర్తుండేది కాదు. ఒక్కసారి తమ నాడి తామే లెక్కపెట్టుకుని పేషెంటు ముందు దొరికిపోయినవాళ్ళు మాత్రం మళ్ళీ ఆ తప్పు చేయలేదు. నువ్వనుకున్నట్టే చెయ్యి. కోపమొస్తే రానీ, కోపమొస్తే దారం ఇంకా పొట్టిదవుతుంది. అదీ కొలువు."

శనివారం పదకొండుకు ఐదు నిమిషాల ముందే ముగ్గురూ వచ్చారు. ముందు ప్రిన్సిపాల్‌గారు, ఫైలు పట్టుకుని. వెనక సర్జరీ ప్రొఫెసర్‌గారు, తెల్ల మీసాలు, తక్కువ మాటలు. ఆయన వెనక కాలేజీ ఇంజనీరుగారు, చేతిలో కొలత టేపుతో. నమస్కారం పూర్తికాకుండానే ఆయన గోడకు టేపు ఆనించేశారు.

"ఇటు పదమూడు అడుగులు. అరలు ఐదు వరసలు పడతాయి," అన్నారు, నేను అక్కడ లేనట్టు.

"సార్, గోడ ఎక్కడికీ పోదు. ఒక్క పావుగంట నాకివ్వండి," అన్నాను.

ప్రిన్సిపాల్‌గారు నవ్వారు. నేను లోలకం కథ చెప్పాను. చీమ నడక, కప్ప గంతు చెప్పాను. సర్జన్‌గారు మధ్యలోనే ఆపారు.

"బాగానే ఉందమ్మా. ఇప్పుడు అందరికీ వాచీలున్నాయి. బొమ్మ వేసి గోడకు పెడితే సరిపోయేదానికి గదెందుకు?"

"చేసి చూశాక మీరే చెప్పండి సార్. దీనికి ఒక వైద్యుడు కావాలి. ఇంజనీరుగారూ, మీరు నాడి చూసి ప్రతి దెబ్బకూ 'ఊఁ' అంటారా? మర మా ఆయన తిప్పుతారు."

"నేనా?" అన్నారు ఇంజనీరుగారు. టేపు మాత్రం సంతోషంగానే జేబులో వేసుకున్నారు. "మా నాన్న చూసేవాడు. రైల్వేలో పని, కానీ వీధంతా ఆయన దగ్గరికే వచ్చేది."

ప్రిన్సిపాల్‌గారు చేయి చాచారు. ఇంజనీరుగారు వాళ్ళ నాన్న చూసినంత దర్జాగా ఆ మణికట్టును పట్టుకుని, పైన బొటనవేలు నొక్కిపెట్టారు. నేను మా ఆయన మొహం చూడలేదు. చూస్తే నవ్వొస్తుంది.

ఊఁ, ఊఁ, ఊఁ. గుండు మెరుస్తూ ఊగింది. అందరి కళ్ళూ దాని మీదే. నలభై తొమ్మిది.

తరవాత సర్జన్‌గారు. నలభై తొమ్మిది. గుమ్మంలోంచి తొంగి చూస్తున్న బాబాయిని కూడా ఇంజనీరుగారే రమ్మన్నారు. నలభై తొమ్మిది.

ఇంజనీరుగారు చేయి వదిలేసి గట్టిగా నవ్వారు. "చూశారా సార్? ఎవరికి పెట్టినా ఒకటే! ఇది బొమ్మ. నేను ముందే చెప్పాను." జేబులోంచి టేపు బయటికి వచ్చింది.

ప్రిన్సిపాల్‌గారు ఫైలు తెరిచారు. మొహంలో జాలి కనిపించింది. "అమ్మా, పనిచేయని వస్తువు పెట్టుకుని..."

"పనిచేస్తోంది సార్," అన్నాను. గొంతు నేననుకున్నదానికన్నా స్థిరంగా వచ్చింది. "చక్కగా కొలిచింది. కాకపోతే ఆ నలభై తొమ్మిది మీది కాదు, ప్రొఫెసర్‌గారిది కాదు, బాబాయిది కాదు. మూడుసార్లూ ఇంజనీరుగారిదే. ఆయన బొటనవేలిది."

సర్జన్‌గారు తన మణికట్టును చూసుకున్నారు. బొటనవేలు నొక్కిన ఎర్రటి గుర్తు ఇంకా అక్కడే ఉంది. తల నెమ్మదిగా పైకెత్తారు. మీసాల వెనక ఏముందో కనిపించలేదు. ఆ రెండు క్షణాల్లో నా గది అటో ఇటో తెలియలేదు.

"ముప్పై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను, బొటనవేలు పెట్టొద్దని," అన్నారాయన. "ఆ వేలు నా చేతి మీదే ఉంటే నేను చూడలేదు. ఈ గుండు చూస్తూ కూర్చున్నాను. నన్ను ముందే హెచ్చరించాల్సింది."

"హెచ్చరిస్తే మీరు చూసేవారు సార్. చూడలేదు కాబట్టి ఇవాళ మనకొకటి దొరికింది. మేమూ వారం రోజులు ఇదే తప్పు చేశాం. ఈయన నాడికి నేను అట్ట కూడా రాసి, చుట్టూ ఆకులు గీశాను," అని సొరుగులోంచి తీసి చూపించాను.

సర్జన్‌గారు ఆ అట్ట చదివారు. మొదట భుజాలు కదిలాయి, తరవాత మీసాలు, ఆ తరవాత గది అదిరేట్టు నవ్వారు. ప్రిన్సిపాల్‌గారు కూడా కలిశారు. ఇంజనీరుగారొక్కరే తన బొటనవేలిని నమ్మకద్రోహిని చూసినట్టు చూస్తూ నిలబడ్డారు.

"అయితే మా నాన్న?" అన్నారు చివరికి. "వీధి వీధంతా..."

"వాళ్ళంతా బతికే ఉన్నారుగా," అన్నాడు బాబాయి. "అంటే మీ నాన్నగారి నాడి మంచిదే సార్."

ఆ మాటతో ఇంజనీరుగారు కూడా నవ్వేశారు. సర్జన్‌గారు ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తొలి సంవత్సరం విద్యార్థికి చెప్పినట్టు ఆయన రెండు వేళ్ళు పట్టుకుని ప్రిన్సిపాల్‌గారి మణికట్టు మీద సరైన చోట పెట్టించారు. "నొక్కకండి. ఆనించి ఊరుకోండి. అదే వస్తుంది." వచ్చింది. ఇంజనీరుగారి కనుబొమలు పైకి లేచాయి. ఇంకొకరి గుండె మొదటిసారి వేలి కొసకు తగిలినప్పుడు ఎవరి మొహమైనా అట్లాగే అవుతుంది. ప్రిన్సిపాల్‌గారికి అరవై రెండు. సర్జన్‌గారికి తొంభై ఒకటి. బాబాయికి ఎనభై. మా ఆయన మర తిప్పడం, కొలత చదవడం, మళ్ళీ తిప్పడం. పావుగంట అయిపోయి ఇంకో ముప్పావుగంట గడిచింది. ఎవరూ వాచీ చూసుకోలేదు.

ప్రిన్సిపాల్‌గారు నిలబడే ఫైలులో ఏదో రాసి నాకు చూపించారు. రెండో గది యథాతథంగా కొనసాగవలెను. జవాబు పత్రాలకు వేరే చోటు చూడవలెను.

"దాంతో సరిపోదు," అన్నారు సర్జన్‌గారు. "తొలి సంవత్సరం పిల్లల మొదటి క్లాసు ఇక్కడే. బ్యాచికి ఇరవై మంది. నేనే తీసుకొస్తాను. వాళ్ళకు వేళ్ళ సంగతి ఎవరూ చెప్పకూడదు, విన్నావా అమ్మా?"

"ఇరవై మందికి ఒక్క లోలకం చాలదు సార్," అన్నాను. గెలిచినప్పుడే అడగాలని మా అమ్మ నేర్పింది.

"ఇంకో మూడు చేస్తాను," అన్నారు మా ఆయన, ఎవరూ అడక్కముందే.

ప్రిన్సిపాల్‌గారూ సర్జన్‌గారూ గుమ్మం దాటారు. ఇంజనీరుగారు కదల్లేదు. టేపు బల్ల మీదే వదిలేసి జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీశారు. పై పేజీలో 'గది పొడవు' అని రాసి, పక్కన ఖాళీ వదిలి ఉంది.

"ఇప్పుడు నాది చూడమ్మా. సరైన వేళ్ళతో," అని చేయి చాచారు.

నేను రెండు వేళ్ళు ఆనించాను. మా ఆయన మర తిప్పారు. నలభై మూడు.

"ఇంతకుముందు నలభై తొమ్మిది కదా?"

"అప్పుడు మీరు గెలుస్తున్నారు సార్," అన్నారు మా ఆయన.

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, 'గది' అన్న మాట కొట్టేసి, పైన 'నాడి' అని రాసి, పక్కన నలభై మూడు వేసుకున్నారు. "కాసేపు కూర్చుంటాను. తగ్గాక మళ్ళీ చూద్దాం," అని చెక్క చెవి పక్కనున్న కుర్చీలో కూర్చుని, ఏమీ తోచక, కర్ణభేరి ఊడదీయడం మొదలుపెట్టారు.